పేరు చెప్పకూడని ఆకు

మా పెద్దమ్మ మోకాళ్ల వాపుకు ఆకు కట్టు కడుతుంది. ఆదివారం పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి ఆకు కోసుకొస్తుంది. అదేం ఆకో ఆమె చెల్లెలు, మా అమ్మకూ తెలుసు గానీ, ఇద్దరూ దాని పేరు మాత్రం చెప్పరు. పేరు బయటపెడితే మందు గుణం పోతుందని వాళ్ల నమ్మకం. చదువుకున్న పిల్లనని పెద్దమ్మ నాకొక్కదానికే ఒక కొమ్మ చేతిలో పెట్టింది, అదీ నోరు తెరవకుండానే.

నెల్లూరులో కాలేజీ ల్యాబులో మూడేళ్లుగా నా పరిశోధనంతా ఆ ఆకు మీదే. అందులోంచి వాపు తగ్గించే పదార్థాన్ని విడదీసి పాదాలు వాచేలా చేసిన ఎలుకలకు తాపితే వాపు తగ్గింది. ఆ రోజు సంతోషం పట్టలేక అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

పోయిన నెల అమ్మ వాంతులతో కావలిలో ఆసుపత్రిలో చేరింది. మూత్రం బాగా తగ్గిపోయిందని, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలని రక్తం తీశారు. బస్సు దిగి పరుగున నేను వెళ్లేసరికి డాక్టరు గారు అడుగుతున్నారు.

"ఏం మందు తాగినారమ్మా?"

"ఆకు పసరు సార్."

"ఏం ఆకు?"

అమ్మ పెదవులు బిగించింది. నాకు అర్థమైపోయింది. పేరు నేనే చెప్పేశాను. మందు గుణం నేనే పోగొట్టినట్టు అమ్మ కళ్లు మూసుకుంది.

"పెద్దమ్మ తాపిందా?" అని కసిరాను. ఆ క్షణాన ఎవరినో ఒకరిని తిట్టకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

"అక్క కట్టేదే గానీ ఎప్పుడన్నా తాపిందా? ఎలకలకి తాపితే తగ్గిందని నువ్వే గదా పాపా చెప్పినావు. ఎలకకి చుక్క చాలు, నా మోకాళ్లకి గ్లాసన్నా కావాల గదా అని రోజూ నేనే నూరుకోని తాగినా."

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "మీరు దీని మీదే పనిచేస్తున్నారా? మనుషులు ఇంత తాగితే ఏమవుతుంది?"

"తెలియదండీ."

మూడేళ్ల చదువు ఆ ఒక్క మాటకొచ్చింది. సిగ్గేసింది, అంతకన్నా భయమేసింది. రిపోర్టు సాయంత్రం వస్తుందని చెప్పి ఆయన వెళ్లిపోయారు.

సూది గుచ్చిన చేత్తోనే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవబాక. నువ్వు తాపిన ఎలకలన్నీ బాగుండాయి గదా?"

వాపు కొలిచిన రోజే వాటన్నిటినీ చంపేస్తాం. ఆ సంగతి ఫోన్‌లో చెప్పలేదు.

"బాగుండాయమ్మా," అన్నాను.