బస్తా, పిచ్చుక, సాఫీ

మా అన్నయ్య ఇరవై రెండేళ్లు లిఫ్టులు బాగుచేశాడు. ఆదివారం పొద్దున మాత్రం ఒంటిచక్రం బండెక్కి, మూతపడ్డ రాళ్ల క్వారీ పక్కనున్న కొండదారి దిగేవాడు. దానికి హ్యాండిలుండదు, ముందు చక్రముండదు. లావుపాటి టైరు, దాని మీద సీటు, సీటు ముందు పట్టుకోవడానికి ఒక పిడి, అంతే. "రెండో చక్రం దండగ" అనేవాడు. దారినపోయేవాళ్లు ఆగి మరీ నవ్వేవాళ్లు. అన్నయ్యకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

మేం నలుగురం. అన్నయ్య, నేను, ఒక టైలరు, ఒక లెక్కల మాస్టారు. చేసే ప్రతి ఫీటుకీ ఎక్కడో ఎవరో పెట్టిన పొడుగాటి పేర్లున్నాయి. కానీ కొండ మీద ఊపిరి అందనప్పుడు అంత పొడుగు మాట నోట్లోంచి ఎక్కడొస్తుంది? అందుకే అన్నయ్య మాకు పొట్టి పేర్లు పెట్టాడు. ఉన్నచోటే చక్రంతో సహా గెంతితే పిచ్చుక. కదలకుండా నిలబడితే కొంగ. ఏటవాలులో బ్రేకును కొద్దికొద్దిగా నొక్కుతూ దిగితే పిసుకుడు. సీటును బయటికి లాగి రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని దూకితే చంటిపిల్ల. గట్టు మీంచి కిందికి పడేటప్పుడు మోకాళ్లు వదులు చేసి బరువంతా మెత్తగా దింపితే బస్తా. పడిపోవడానికి కూడా పేరుంది, సెలవు. కాళ్ల మీద పడి నాలుగడుగులు పరుగెడితే సగంపూట సెలవు, ఒళ్లంతా నేలకానితే పూర్తి సెలవు. టైలరు మా ముగ్గురి సెలవులూ తనే వాడుకునేవాడు.

అన్నిటికన్నా పెద్ద మాట సాఫీ. ముందేమీ లేదు, నిశ్చింతగా రావచ్చు అని. ముందు వెళ్లేవాడు దారిలో ఏముందో వెనక్కి అరుస్తూ వెళ్లాలి, అది మా పద్ధతి. ఒకసారి టైలరు సరదాకి గట్టున్న చోట సాఫీ అన్నాడు. మాస్టారికి ముందు పళ్లు రెండు విరిగాయి. అన్నయ్య తిట్టలేదు, కొట్టలేదు. ఆర్నెల్లపాటు టైలర్ని ముందు వెళ్లనివ్వలేదు.

"వెనకవాడు నీ మాట మీదే కాలేస్తాడురా" అన్నాడు.

ఎప్పుడూ ముందు వెళ్లేది అన్నయ్యే. ఒక ఆదివారం ఉన్నట్టుండి నన్ను ముందు వెళ్లమన్నాడు.

"ఎందుకు?"

"చిన్నవాడివి, దూకుడెక్కువ."

నేను మూడు వారాలు కాలరెగరేసుకుని తిరిగాను. తర్వాత ఒకరోజు అన్నయ్య మా ఇంటికి భోజనానికొచ్చి, మోచేతి పక్కనున్న మంచినీళ్ల గ్లాసు రెండుసార్లు పడేశాడు. మా ఆవిడ లోపలికెళ్లగానే ఏమైందని అడిగాను.

"గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందిరా" అన్నాడు. "ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కనా, కాళ్ల కిందా ఏమీ ఉండదు. అదీ కుడి కన్నే. ఎడమది ఎప్పుడో పోయింది."

"డాక్టరేమన్నాడు?"

"గొట్టం ఇంకా సన్నబడుతుందన్నాడు."

"వదినకి చెప్పావా?"

"చెప్తే రేపే పని మాన్పించేస్తుంది. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను, గోడలు లెక్కపెట్టనా? నువ్వూ చెప్పకు. ఒట్టు."

నేను ఒట్టేశాను. అదే నా మొదటి తప్పు.

ఆ తర్వాత రెండేళ్లు నేను ముందు, అన్నయ్య నా వెనకే. పిసుకుడు, పిసుకుడు, పిచ్చుక, సాఫీ, బస్తా అని నేను అరుస్తుంటే నా గొంతు పట్టుకుని దిగొచ్చేవాడు. చూపు బాగున్నప్పటికన్నా బాగా తొక్కేవాడు. మాస్టారు ముక్కున వేలేసుకునేవాడు. నాకెంత గర్వంగా ఉండేదో ఏం చెప్పను! చిన్నప్పుడు తన వేలు పట్టుకుని రోడ్డు దాటినవాణ్ని నేను.

కొండ మీద నేనున్నాను సరే, లిఫ్టు గోతిలో ఎవరున్నారు? ఒక సాయంత్రం నేను పనిచేసే పార్సిల్ ఆఫీసుకొచ్చి, కౌంటరు మీద అరచేతులు చాపాడు. తోలు ఊడి, గ్రీజు అంటుకుని ఉన్నాయి.

"ఆరో అంతస్తులో పూర్తి సెలవు పెట్టబోయానురా" అని నవ్వాడు. లిఫ్టు పెట్టె మీద నిలబడి పట్టాలకు నూనె రాస్తూ, అంచు ఇంకా ఉందనుకుని లేని చోట అడుగేశాడట. ఇనప తాడు చేతికందింది కాబట్టి ఆ పూటకి నవ్వుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కడ నీకెవరు అరుస్తారు? వదిన మొహం చూసైనా మానెయ్యి."

"ఇరవై రెండేళ్ల అలవాటురా. నా కాళ్లకి కళ్లున్నాయి."

బతిమాలాను, బెదిరించాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. వదిన ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వెళ్లి ఒక్క మాట చెప్పేస్తే సరిపోయేది. ఒట్టు తప్పినవాణ్నని అన్నయ్య అనుకుంటాడేమోనని వెళ్లలేదు. అంతకన్నా తెలివైన పని చేస్తున్నాననుకున్నాను.

ఈ మొండిఘటం మాటకు లొంగడు, చిన్న దెబ్బ తగిలితే భయపడి తనే పని మానేస్తాడు. అదీ నా ఆలోచన. దారిలో సిమెంటు పైపు దాటాక మోకాలెత్తు గట్టుంది. దాని కింద మెత్తటి ఇసుక. గురువారం పొద్దున ఒక్కణ్నే వెళ్లి ఆ ఇసుకలో రాళ్లన్నీ చేత్తో ఏరి పారేశాను. మహా అయితే చెయ్యి బెణుకుతుందనుకున్నాను.

శనివారం గట్టి వాన పడింది.

ఆదివారం పైపు దాటగానే, గట్టు ఇంకా దిగకముందే, వెనక్కి తిరక్కుండా అరిచాను. "సాఫీ!"

మాట నోరు దాటాక కిందికి చూశాను. ఇసుక లేదు. వాన దాన్ని ఊడ్చుకుపోయి, అడుగున ఉన్న రాళ్లు బయటపెట్టింది. నేను ఎలాగో బస్తా దిగాను. "ఆగు" అని అరవడానికి నోరు తెరిచేసరికే వెనక ఆ చప్పుడు వినబడింది.

పైనున్న టైలరుకు ఏమీ తెలియదు. అలవాటు కొద్దీ "పూర్తి సెలవు!" అని కేకేసి నవ్వాడు. అన్నయ్య బోర్లా పడి ఉన్నాడు. బండి పక్కకు పడి, చక్రం ఇంకా తిరుగుతోంది. తిప్పి చూస్తే మొహమంతా నెత్తురు. రాయి కుడి కంటి మీదే తగిలింది.

కన్ను పోయింది. నేను కోరుకున్నట్టే పనీ పోయింది.

మూడో రోజు ఆసుపత్రిలో వదిన నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు, కట్టు కింద నుంచే మెల్లగా అడిగాడు.

"పైపు తర్వాత గట్టుంది కదరా?"

వదిన వస్తోందేమోనని తలుపు వైపు చూశాను.

"నాకు తెలుసు. ఆ దారి ఎన్నేళ్ల నుంచి దిగుతున్నాను! మోకాళ్లు వదిలాను కూడా. అంతలో నువ్వు సాఫీ అన్నావు. వానకి మట్టి కొట్టుకొచ్చి పూడిపోయిందేమో అనుకుని మళ్లీ బిగించాను."

అప్పుడు అంతా చెప్పేశాను. ఆరో అంతస్తు, గురువారం, రాళ్లు, అన్నీ. మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అన్నయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఈపాటికి నాకు నిద్ర పట్టేది. వదిన రాగానే ఆమెతో, "నా పొరపాటే. కాళ్లు బిగబట్టాను" అన్నాడు. ఈ నాలుగేళ్లలో ఆ మాట మార్చలేదు. పాపం వదిన, "నువ్వుండబట్టి సరిపోయింది మరిదీ" అంటుంది ఇప్పటికీ. తలెక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇప్పుడు అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు. ఇరుగుపొరుగు తెచ్చిచ్చే పాత తాళాలు తడిమి బాగుచేస్తాడు. నాతో బాగానే మాట్లాడతాడు, జోకులేస్తాడు, నా పిల్లల చదువుల గురించి అడుగుతాడు. ఆదివారాలు మేం ముగ్గురం వంతులేసుకుని నడకకు తీసుకెళతాం. మాస్టారు "మెట్టు" అంటే టక్కున కాలెత్తుతాడు. టైలరు "సాఫీ" అన్నా ధీమాగా నడిచేస్తాడు. మాస్టారి పళ్లు విరగ్గొట్టిన ఆ టైలరే!

మొన్న నా వంతు వచ్చింది. రెండో అంతస్తు నుంచి ఒక్కో మెట్టూ చెబుతూ దింపాను. చివరి మెట్టు దిగాక, "అయిపోయాయి అన్నయ్యా, ఇక సాఫీ" అన్నాను.

అన్నయ్య ఆగాడు. నా భుజం మీంచి చెయ్యి తీసి మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. కుడి కాలు ముందుకు చాపి, బొటనవేలితో నేలను ఒకసారి తట్టాడు. మళ్లీ ఇంకోసారి తట్టాడు. అప్పుడు అడుగేశాడు.