తొమ్మిది పొట్లాలు, రెండు తూకాలు

1998 జూన్‌లో మాదాపూర్ పక్కనున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే పై తరగతులకు లెక్కలు చెప్పే టీచరుగా, బదిలీ అయ్యాను. మాది గుంటూరు జిల్లా. కాపురం లింగంపల్లిలో. కొత్త ఆఫీసుల కోసం బడి చుట్టూ బండలు పేలుస్తుండేవారు. సైరన్ మోగగానే పిల్లల్ని కిటికీల దగ్గర్నుంచి జరిపి, మోత ఆగాక పాఠం అందుకునేదాన్ని.

తొమ్మిదో తరగతి వాళ్లు సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పేవారు. పుస్తకంలో లేని లెక్క ఇస్తే మాత్రం పెన్ను కింద పెట్టేసేవారు. అందుకే శనివారం చివరి పీరియడ్‌ని చిక్కులెక్కలకు కేటాయించాను. ఐదు లీటర్ల బిందె, మూడు లీటర్ల బిందె ఉన్నాయి, సరిగ్గా నాలుగు లీటర్లు కొలవమన్నాను. పది నిమిషాలయ్యేసరికి గదిలో చప్పుడు లేదు. నేనే ఉండబట్టలేక బోర్డు మీద జవాబు వేసేశాను.

మూడో వరసలో మంజుల నోట్సు మూసేసింది. వాళ్లమ్మ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముతుంది. లెక్కల్లో ఆ పిల్లవి ఎప్పుడూ అత్తెసరు మార్కులే.

"జర ఆగితే నాకే వస్తుండె టీచర్. మీరే చెప్పేస్తిరి," అంది.

ముందు కోపం వచ్చింది. ఇంటికెళ్లే బస్సులో సిగ్గేసింది. ఆ తర్వాత వారం నుంచి జవాబు చెప్పడం మానేశాను.

దసరా సెలవులయ్యాక హెడ్మాస్టరు పిలిచి, సిలబస్ రెండు పాఠాలు వెనకబడిందని, తనిఖీ వస్తే జవాబు నేనే చెప్పుకోవాలని హెచ్చరించారు. మెమో వస్తే సర్వీసు రిజిస్టరుకెక్కుతుంది. అది ఉద్యోగం ఉన్నంతకాలం వెంట వస్తుంది.

తనిఖీ శనివారమే వచ్చింది. తొమ్మిది పొట్లాల్లో ఇసుక పోసి, ఒకదాంట్లో కాస్త తగ్గించాను. మంజుల వాళ్లమ్మ దగ్గర్నుంచి కూరగాయలు తూచే తరాజు తెచ్చింది. తేలిక పొట్లాన్ని రెండే తూకాల్లో పట్టుకోవాలి. ఉప విద్యాధికారి లోపలికొచ్చి చూస్తే, పిల్లలు తలలు వంచుకొని కూర్చున్నారు. నేను ఊరికే నిలబడి ఉన్నాను.

"ఏమండీ, పాఠం చెప్పరా?" అని ఆయనే సుద్దముక్క అందుకున్నారు.

మంజుల లేచింది. "సార్, జర ఆగుండ్రి. నాకు సగం దొరికింది."

నాకు మెమోయే గుర్తొచ్చింది. ఆయన ఆ పిల్లను చూసి, సుద్ద బల్ల మీద పెట్టి, వెనక బెంచీలో కూర్చున్నారు.

మంజుల పొట్లాల్ని నాలుగూ నాలుగుగా తూచింది. "గిట్లయితే మూడుసార్లు అయితది," అని తీసేసింది. చాలాసేపు పొట్లాల వంకే చూసింది. తర్వాత మూడేసి చొప్పున కుప్పలు పెట్టింది. రెండు కుప్పలు తూచేసరికి తరాజు ఒక వైపు లేచింది. పైకి లేచిన తేలిక కుప్పలోంచి రెండు పొట్లాలు తూచింది. ముల్లు కదల్లేదు. మిగిలిన మూడోదాన్ని తీసి ఆయన ముందు పెట్టి, "ఇదే సార్," అంది.

తనిఖీ పుస్తకంలో ఆయన రెండు వాక్యాలు రాశారు: సిలబస్ నెలలోగా పూర్తి చేయాలి. శనివారం పీరియడ్ కొనసాగించవచ్చు. మొదటి దాని కోసం నెలంతా గంట ముందే బడికి వెళ్లాను. మంజులకు పదో తరగతి లెక్కల్లో గొప్ప మార్కులేం రాలేదు కానీ, పరీక్షలో ఏ లెక్కనూ ప్రయత్నించకుండా వదల్లేదని వచ్చి చెప్పింది.

ప్రశ్న వేశాక ఆగడం కూడా బోధనలో భాగమేనని ఆ ఏడాది నేర్చుకున్నాను. రిటైరయ్యే దాకా, లెక్క ఇచ్చాక సుద్దముక్క బల్ల మీదే వదిలేసి గది వెనక్కి వెళ్లి నిలబడేదాన్ని. బోర్డుకు దూరంగా ఉంటే జవాబు చెప్పాలన్న తొందర తగ్గుతుంది.