ఆర్మూరు ఎండలో ఉన్ని శాలువా

శాలువా కప్పితే మనిషి పరువు పెరుగుతుందని లోకమంతా నమ్ముతుంది. కప్పినవాడి పరువు పోతుందని మా ఆర్మూరుకు నిరూపించిన మహానుభావుణ్ణి నేనే. అదీ మైకులో, ఊరంతా వింటుండగా, మా నాన్నను కన్న మా బాపమ్మ మొదటి వరుసలో కూర్చుని ఉండగా! కాస్త ఓపిక పట్టండి, కొంప ఎలా మునిగిందో చెబుతాను.

రెండువేల అయిదో, ఆరో. అప్పటికి నేను రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తాను. పొద్దంతా పసుపు దుమ్ములో ఉండి ఇంటికి వస్తుంటే, "గంగాధర్, ఇయ్యాల గూడ నలుగు పెట్టిన్రా?" అని దారిలో అందరూ ఆటపట్టించేవారు. మా సేటు కొత్తగా బట్టల దుకాణం పెడుతూ, ప్రారంభానికి హైదరాబాదు నుంచి ఒక సినిమా హీరోను, హీరోయిన్‌ను పిలిపించాడు. పసుపు వేలంపాటలో నా గొంతు ఎంత దూరం పోతుందో తెలిసినవాడు కనుక మైకు నాకే ఇచ్చాడు.

"ఫంక్షన్ మంచిగ నడిపియ్ గంగాధర్. చీరల సెక్షన్‌కు నిన్నే మేనేజర్‌ను జేస్త," అన్నాడు.

నెత్తిమీద ఫ్యాను, చుట్టూ పట్టుచీరలు, పసుపంటని చొక్కా! ఆ ఉద్యోగం కోసం నేను దేనికైనా సిద్ధమే. అందుకే ముందుగా టైలరు దగ్గరికి పరుగెత్తి కొత్త చొక్కాకు పై మూడు గుండీలు పీకించాను. ఆ హీరో ఏ పోస్టరులో చూసినా గుండీలు విప్పుకునే ఉంటాడు మరి. అతని ఛాతీ తలుపులా ఉంటుంది. నాది కిటికీ ఊచల్లా ఉండేది. అయినా స్టయిల్ స్టయిలే కదా!

ఆ రోజు మిట్టమధ్యాహ్నం కారు ఆగింది. హీరో దిగాడు. నాలుగు గుండీలు పెట్టుకోలేదు, ప్యాంటు రెండు మోకాళ్ల దగ్గరా చిరిగి ఉంది. "ఏం స్టయిల్ సార్!" అని మైకులో గొంతు చించుకున్నాను. అతని వెనకాలే హీరోయిన్ దిగింది. ఆకుపచ్చ చీర, నిండుగా కొంగు. కానీ జాకెట్టుకు చేతుల్లేవు. అంతే, ఇరవై నాలుగేళ్లుగా నాలో నిద్రపోతున్న సంస్కృతి ఒళ్లు విరుచుకుని లేచింది.

సేటు చెవిలో గొణిగాను. "సేట్, మేడం జాకెట్ జూసిన్రా? చేతులే లేవు. మన ఆడోళ్లు ఏమనుకుంటరు?"

"గా చీర మన దుకాణంల ఉన్నదా అనుకుంటరు. నీ పని జూస్కో పో!"

వింటేనా! సన్మానానికి తెచ్చిన శాలువా బల్లమీద కనబడింది. మంచి ఉన్నిది. దాన్ని తీసి ఆమెకు మెడదాకా కప్పాను. ఆమె దండం పెట్టి, అందరూ చేసినట్టే తీసి మడిచింది. మళ్లీ కప్పాను. మళ్లీ తీసింది. మూడోసారి కప్పి, కొసలు గట్టిగా పట్టుకుని మైకులో చెప్పాను.

"మేడం, గిది మా ఆర్మూర్ సంప్రదాయం. ఫంక్షన్ అయ్యేదాక తియ్యొద్దు!"

ఆమెకు విషయం అర్థమైంది. నవ్వుతూ అడిగింది. "అలాగా? మరి సార్‌కి కప్పరా?"

"సార్‌కెందుకు మేడం? ఆయన హీరో గదా!"

"నాకు ఇక్కడ చెమటలు కారుతున్నాయండీ. గుండీలు లేనిది ఆయనకి, మీకూనూ. చలేస్తే మీకే వెయ్యాలి."

జనం గొల్లున నవ్వారు. అంతటితో పోతే బాగుండును. మొదటి వరుసలోంచి మా బాపమ్మ లేచింది.

"ఓరి గంగడా! ఏం సంప్రదాయంరా గది? డెబ్బై ఏండ్లకచ్చిన. నేను ఎన్నడన్న రవికె తొడిగిన్నా? నాకెవ్వడన్న శాలువ గప్పిండా?"

నిజమే! ఆ తరం ఆడవాళ్లు చాలామందిలాగే మా బాపమ్మ జన్మలో రవికె వేసుకోలేదు. చీర కొంగే భుజాల చుట్టూ తిప్పుకునేది. పుట్టినప్పటినుంచి ఆ భుజాలమీదే ఆడుకున్నాను, ఒక్కరోజైనా నాకు సంస్కృతి గుర్తుకు రాలేదు. గురివిందకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు నా పై గుండీలే తెలియలేదు.

బాపమ్మ అక్కడితో ఆగలేదు. స్టేజీ ఎక్కింది. "పొద్దుగాల్నుంచి జూస్తున్న. పోరనికి గుండీలు ఊడిపోయినట్టున్నయ్, పాపం!" అంటూ గాజులకు వేలాడుతున్న మూడు పిన్నీసులు తీసి, ఊరందరి ముందూ నా చొక్కాను గొంతుదాకా బిగించింది. హీరోకు భయం వేసినట్టుంది, మెల్లగా తన గుండీలు తనే పెట్టుకున్నాడు. హీరోయిన్ మాత్రం ఆ శాలువాను మా బాపమ్మకు కప్పి కాళ్లకు మొక్కింది. "మెత్తగున్నది బిడ్డా, చలికాలం పనికొస్తది," అని బాపమ్మ దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు సేటు ముందు తల వంచుకుని నిలబడ్డాను. "మేనేజర్ పని..." అని నసిగాను.

"గది పోయింది. రవికె గుడ్డల కౌంటర్‌ల నిలబడు. నీకు చేతుల ఫికరు ఎక్కువ గదా!"

అప్పటినుంచి నేనక్కడే. నిజం చెప్పాలంటే హాయిగానే ఉన్నాను, ఫ్యాను మాత్రం దక్కింది. ఆ వారంలోనే ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆకుపచ్చ గుడ్డ కోసం వచ్చారు. రోజుకు వందసార్లు నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "అమ్మా, గుడ్డ చేతులకు గూడ కొయ్యాల్నా, చేతుల్లేకుండనా?"

కనుక ఆర్మూరు పసుపు సాక్షిగా, ఈ కత్తెర మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: వాళ్లు ఏం చెబితే అంతే కోస్తాను, తలెత్తను. ఎవరి భుజాల గురించైనా నోరు తెరవాలనిపిస్తే, ముందు నా గుండీలు తడిమి చూసుకుంటాను.