ఏటి అవతలి జట్టు

మా పక్కింటి నిధి ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. వాలీబాల్ ఆడే అమ్మాయిల మధ్య నిలబడితే అసలు కనిపించేది కాదు. అయినా ఆ పిల్ల కాలేజీ జట్టులో ఆడింది. ఒక కాలేజీకి కాదు, రెండు కాలేజీలకు. పైగా ఆ రెండూ ఒకదాని పేరెత్తితే రెండోది పళ్లు నూరే కాలేజీలు.

వాలీబాల్‌లో లిబరో అని ఒక స్థానం ఉంది. వెనక వరుసలో కాచుకుని, అవతలివాళ్లు కొట్టిన బంతి నేలను తాకకుండా లేపడమే ఆ స్థానంలో ఆడేవాళ్ల పని. నెట్ దగ్గర ఎగిరి కొట్టేది ఉండదు. అందుకే ఎత్తు అక్కర్లేదు, నేలకు దగ్గరగా కదలడం తెలిస్తే చాలు. నిధికి అది చిన్నప్పుడే వచ్చేసింది. వాళ్లమ్మ సుమతి ఏడేళ్లకే కూచిపూడి క్లాసులో చేర్పించి, టీచరుగారి దగ్గర మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే అరమండి వేయించి వేయించి మోకాళ్లు అరగదీయించిన పుణ్యం అది. డాన్స్ మానేసినా మోకాళ్లు మాత్రం ఆ పాఠం మరిచిపోలేదు.

హైస్కూల్ అయ్యాక హార్ట్‌వెల్ అనే చిన్న కాలేజీ తనను తీసుకుంది. మా మోరిస్‌విల్ నుంచి పడమటి కొండల వైపు నాలుగు గంటల డ్రైవ్. ఇక్కడ అమెరికాలో కాలేజీ ఆటలకు మూడు డివిజన్లుంటాయి. టీవీలో కనిపించే పెద్ద యూనివర్సిటీలు చాలావరకు ఒకటో దాంట్లో ఉంటాయి. హార్ట్‌వెల్ రెండో దాంట్లో ఉండేది. ఊరి చివర ఒక ఏరు, దాని మీద వంతెన, వంతెన దాటితే ఆల్డర్‌బ్రూక్ కాలేజీ. హార్ట్‌వెల్‌ది మెరూన్ రంగు, ఆల్డర్‌బ్రూక్‌ది ఆకుపచ్చ. ఏటా అక్టోబర్‌లో ఈ రెంటికీ జరిగే మ్యాచ్ చూడటానికి రెండూళ్ల జనమూ విరగబడి వచ్చేవాళ్లు. ఓడిన జట్టు మర్నాడు పొద్దున గెలిచిన జట్టుకు తమ కాలేజీ మెస్‌లో బ్రేక్‌ఫాస్ట్ వడ్డించాలి. తాతల కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ.

నిధి తండ్రి రామమోహన్‌కు అప్పటిదాకా తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. మొదటి మ్యాచ్‌లో పక్కనున్న తెల్లాయన్ని "ఇది నో బాల్ కాదా?" అని అడిగాడని సుమతి ఇప్పటికీ నవ్వుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి ఆయన కారుకు మెరూన్ స్టిక్కరు, తలకు మెరూన్ టోపీ వచ్చాయి. ఒకసారి కార్లో గ్యాస్ అయిపోవస్తున్నా వంతెన అవతల బంకులో కొట్టించుకోనని మొండికేసి, దారిలో ఆగిపోయి, టో ట్రక్ పిలిపించుకున్నాడు.

నిధి చేరిన మొదటి ఏడాది హార్ట్‌వెల్ ఓడింది. మర్నాడు పొద్దున నిధి పాన్‌కేకులు వడ్డిస్తుంటే ఆల్డర్‌బ్రూక్ కోచ్ మార్లీన్ ప్లేటు పట్టుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి, కాస్త కుంటుతూ నడుస్తుంది.

"నాలుగో సెట్‌లో నువ్వు లేపిన ఆ బంతి పోయిందనే అనుకున్నా నేను. అంత కిందకి వంగడం ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగింది.

నిధి డాన్స్ సంగతి చెప్పింది. చూపించమంటే, ఒక చేత్తో సిరప్ జగ్గు పట్టుకునే అరమండి వేసి చూపించింది. మార్లీన్ తన జట్టునంతా పిలిచి, "చూడండి, నేను మూడేళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే" అంది. ఓడిన పొద్దున కూడా అంత సంతోషం ఉండొచ్చని నిధికి అప్పుడే తెలిసిందట.

తర్వాతి రెండేళ్లూ హార్ట్‌వెలే గెలిచింది. నిధి జట్టులో స్థిరపడిపోయింది. మూడో ఏడు చలికాలంలో కాలేజీ ప్రెసిడెంట్ అందరినీ హాల్లోకి పిలిచి, వచ్చే ఏడు నుంచి హార్ట్‌వెల్ ఒకటో డివిజన్‌లో ఆడుతుందని ప్రకటించాడు. స్టేజి మీద మెరూన్ స్కార్ఫులు ఊపిన ఆటగాళ్లలో నిధీ ఉంది. ఆ వీడియోను రామమోహన్ ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులన్నింటికీ పంపాడు. "మా అమ్మాయి ఇక డివిజన్ వన్" అని కింద రాశాడు.

పైకి వెళ్లడమంటే ఏమిటో ఆ తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. కొత్త డివిజన్‌లోకి మారిన కాలేజీ మొదటి కొన్నేళ్లు జాతీయ టోర్నమెంటులో ఆడటానికి లేదు. ఆల్డర్‌బ్రూక్‌తో ముందే ఒప్పుకున్న ఒక్క మ్యాచ్ ఆడేసి, ఆపైన ఆపేస్తారు. పాత కోచ్ వెళ్లిపోయి కొత్తాయన వచ్చాడు. వసంతంలో ఆయన నిధిని ఆఫీసుకి పిలిచాడు.

"నువ్వు మంచి ప్లేయర్‌వి. కానీ మనం వెళ్లే చోట సర్వీసుల వేగమే వేరు. ఇద్దరు లిబరోలు వస్తున్నారు, ఇద్దరూ ఆ డివిజన్‌లో ఆడినవాళ్లే. నువ్వు జట్టులో ఉండొచ్చు, ప్రాక్టీసుకి రావచ్చు. కోర్టులోకి దిగుతావని మాత్రం చెప్పలేను" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదని, అందుకు తనకు ఆయన మీద గౌరవమేనని నిధి నాతో అంది. ఆ రోజు మాత్రం గదికి వెళ్లి బూట్లు కూడా విప్పకుండా పడుకుండిపోయిందట.

మే నెలలో ఇంటికొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక శనివారం నేను వాళ్ల నిచ్చెన తిరిగివ్వడానికి వెళ్లేసరికి తండ్రీకూతుళ్లిద్దరూ గరాజ్‌లో ఉన్నారు. రామమోహన్ కారు మీది పాత స్టిక్కరు గీకేసి, కొత్తది తెరుస్తున్నాడు. దాని మీద 'డివిజన్ వన్' అని పెద్ద అక్షరాలతో ఉంది.

"నాన్నా, అది పెట్టొద్దు" అంది నిధి.

"ఎందుకమ్మా, బాలేదా?"

"నేను ఆడట్లేదు నాన్నా. కొత్త వాళ్లు వచ్చారు. నేను జస్ట్ ప్రాక్టీస్‌కి వెళ్లాలి, అంతే."

రామమోహన్ స్టిక్కరును చుట్టచుట్టి, పెయింటు డబ్బాల వెనక పెట్టేశాడు. నిధి ఏడవడం మొదలుపెట్టింది. నేను నిచ్చెన గోడకు ఆనించి, మెల్లగా వచ్చేశాను.

మిగిలింది ఇంకో కాలేజీకి మారడమే. మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ఆన్‌లైన్ పోర్టల్ ఒకటి ఉంటే, అందులో పేరు పెట్టుకుంది. చివరి ఏడాది పిల్ల, పొట్టి పిల్ల. పెద్దగా ఎవరూ అడగలేదు. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం మార్లీన్ ఫోన్ చేసింది.

"నా లిబరో గ్రాడ్యుయేట్ అయిపోయింది. నువ్వు వస్తావా?" అని సూటిగా అడిగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఏం జరిగిందో సుమతి నాకు చెప్పింది. రామమోహన్ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "ఆల్డర్‌బ్రూకా? శత్రువుల దగ్గరికి వెళ్తావా?" అన్నాడట. నవ్వుతూ అందామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

సుమతి ఆయన కంచంలో పెరుగు వేస్తూ, "వాళ్లు చాల్లే అన్నారు. వీళ్లు రమ్మంటున్నారు. ఇందులో శత్రువులెవరో మీరే చెప్పండి" అంది. మర్నాడు పొద్దున ఆయన ఆఫీసుకి వెళ్తూ, "గ్రీన్ టోపీ ఒకటి ఆర్డర్ చేయమ్మా" అన్నాడట కూతురితో.

ఆగస్టులో నిధి వంతెన దాటింది. ఆకుపచ్చ జట్టు పిల్లలు మర్యాదగానే ఉన్నారు. కానీ తను రాగానే లాకర్ రూమ్‌లో మాటలు తగ్గిపోయేవి. రెండో వారంలో ఒక సంగతి తెలిసింది. ఆ జట్టులో టెస్ అని ఒక అమ్మాయి ఉంది. తనూ లిబరోనే. సీనియర్ అమ్మాయి గ్రాడ్యుయేట్ అయితే తన వంతు వస్తుందని రెండేళ్లుగా బెంచి మీద ఎదురుచూస్తోంది. ఆ వంతు రాగానే నిధి వచ్చి కూర్చుంది.

హార్ట్‌వెల్‌లో తనకు జరిగింది తన వల్లే ఇంకో పిల్లకు జరిగిందని తెలిశాక నిధికి ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ప్రాక్టీసు కాగానే టెస్ దగ్గరికి వెళ్లింది.

"నాకు తెలీదు. తెలిస్తే వచ్చేదాన్ని కాదేమో" అంది.

టెస్ మోకాలి ప్యాడ్లు విప్పుకుంటోంది. "నాకు తెలుసు. నీకు ఫోన్ చేసేముందే కోచ్ నన్ను పిలిచి అడిగింది. నేను వద్దంటే చెయ్యనంది. నేను సరేనన్నాను" అంది.

"ఎందుకు?"

"నువ్వు నాకంటే బాగా ఆడతావ్. నాకు టోర్నమెంటుకి వెళ్లాలనుంది. నువ్వెళ్లాక నాకింకో ఏడాది ఉంటుందిగా." అని లేచి, "మా ఆరో నంబర్ అమ్మాయి సర్వీసు తీసుకోవాల్సి వస్తే ఎప్పుడూ ఎడమకే జరుగుతుంది. దాని వెనక నువ్వు కాచుకోవాలి" అని చెప్పింది.

ఆ రోజు నుంచి ఇద్దరూ ప్రాక్టీసు తర్వాత ఒకరికొకరు బంతులు కొట్టుకుంటూ ఉండిపోయేవాళ్లు. టెస్ నిధికి తన జట్టు అలవాట్లన్నీ చెప్పింది. నిధి టెస్‌కి అరమండి నేర్పింది.

అక్టోబర్‌లో హార్ట్‌వెల్ జిమ్‌లో ఆ రెండు కాలేజీల ఆఖరి మ్యాచ్ జరిగింది. నేనూ వెళ్లాను. నిధి కోర్టులోకి రాగానే మెరూన్ వైపు నుంచి అరుపులు మొదలయ్యాయి. ద్రోహి అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. రామమోహన్ ఎటూ కాకుండా బూడిదరంగు స్వెటర్ వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. "మన దగ్గర పార్టీ మారిన ఎమ్మెల్యేని కూడా ఇంతగా తిట్టరండీ" అన్నాడు. రెండో సెట్‌లో నిధి బోర్లాపడుతూ అరచేతి మీద ఒక బంతి లేపింది. ఆయన చటాలున లేచాడు. సంచిలోంచి ఆకుపచ్చ టోపీ తీసి పెట్టుకున్నాడు. సుమతి చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఐదో సెట్‌దాకా లాగి ఆల్డర్‌బ్రూక్ ఓడింది. మెరూన్ జట్టు కెప్టెన్ బ్రెన్నా, నిధితో మూడేళ్లు కలిసి ఆడిన పిల్ల, నెట్ కింద నుంచి దూరి వచ్చి తనను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. దాంతో అరుపులు వాటంతటవే తగ్గిపోయాయి.

మర్నాటి బ్రేక్‌ఫాస్ట్‌కు తమ ఆటగాళ్లు రాలేరని హార్ట్‌వెల్ ముందే కబురుపెట్టింది. అయినా మార్లీన్ పొయ్యిలు వెలిగించమంది. "ఓడినవాళ్లం, వడ్డించడం మన పని. రావడం వాళ్లిష్టం" అంది. తొమ్మిది దాటాక నలుగురు వచ్చారు. బ్రెన్నా, ఇంకో ముగ్గురు పాతవాళ్లు, సొంత కార్లో. నలుగురికి ఇరవై మంది వడ్డించారు. అలా నవ్వుతూ తిన్న రోజు మళ్లీ రాలేదని నిధి అంటుంది.

నవంబరులో ఆల్డర్‌బ్రూక్ రీజినల్ టోర్నమెంటుకి వెళ్లింది. హార్ట్‌వెల్‌కి ఆ అవకాశం లేదు గనక ఖాళీగా ఉన్న బ్రెన్నా వాళ్లు చూడటానికి వచ్చారు. రెండో మ్యాచ్ మూడో సెట్‌లో నిధి బంతి కోసం పక్కకు దూకి, చీలమండ మెలిపడి, లేవలేకపోయింది. ఇద్దరు మోసుకొచ్చి బెంచి మీద కూర్చోబెట్టారు. లిబరో జెర్సీ టెస్ వేసుకుంది.

"భయంగా ఉంది" అంది టెస్.

"నాకు రోజూ ఉండేది. వంగి నిలబడు, అంతే" అంది నిధి.

టెస్ ఆ సెట్‌లో ఒక్క బంతి కూడా కింద పడనివ్వలేదని నిధి అంటుంది. అది అతిశయోక్తని నాకు తెలుసు. మ్యాచ్ మాత్రం గెలిచారు. మర్నాడు ఫైనల్లో ఓడారు. నిధి ఆట అక్కడితో అయిపోయింది, కర్రల మీద ఆనుకుని, జట్టు మధ్యలో నిలబడి.

ఇప్పుడు తను మా ఊరి దగ్గరే ఫిజికల్ థెరపీ చదువుతోంది. హార్ట్‌వెల్ మీద కోపం లేదా అని ఒకసారి అడిగాను.

"లేదాంటీ. వాళ్లు నన్ను తీసుకోకపోతే నేను కాలేజీలో ఆడేదాన్నే కాదు కదా. వాళ్ల వల్లే మార్లీన్ నన్ను చూసింది. ఐ గాట్ టూ టీమ్స్. చాలామందికి ఒకటి కూడా ఉండదు" అంది.

మొన్న అక్టోబర్‌లో టెస్ సొంత కోర్టులో ఆడే ఆఖరి మ్యాచ్‌కి మేమంతా వెళ్లాం. జిమ్ గుమ్మం దగ్గర టెస్ వాళ్లమ్మ కనిపించింది. నిధి తనెవరో చెప్పి, టెస్‌కి ఎన్నోసార్లు థాంక్స్ చెప్పానని, ఆవిడకు కూడా చెప్పాలనుందని అంది.

ఆవిడ నిధి చేయి పట్టుకుంది. "కోచ్ అడిగిన రాత్రి టెస్ నాకు ఫోన్ చేసి చాలా ఏడ్చింది. పొద్దున లేచి మళ్లీ చేసి, సరేనని చెప్పేశానమ్మా అంది. నీకు చెప్పొద్దంది. ఇప్పుడు చెప్తే ఫర్వాలేదనుకుంటా" అంది.

నిధికి ఆ సంగతి తెలీదు. సరేననడం టెస్‌కి తేలికైందనే ఇన్నాళ్లూ అనుకుంది. ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుని తల ఊపింది. ఆవిడ మా వరుసలోనే వచ్చి కూర్చుంది. సుమతి సంచిలోంచి జంతికలు తీసి ఇచ్చింది.

విజిల్ మోగింది. మొదటి సర్వీసు సూటిగా వెనక మూలకు వచ్చింది. టెస్ వంగి లేపింది. నిధి లేచి నిలబడింది. మ్యాచ్ అయ్యేదాకా మళ్లీ కూర్చోలేదు.