దేముడమ్మ కట్టిన గంటలు

దేముడమ్మను నేను ఒకసారి చంపాను. కంగారు పడకండి, కథలోనే! కానీ ఆ చావు తిరిగొచ్చి ఆమె బతుకు మీద పడుతుందని తెలిసుంటే ఆ కలం అప్పుడే విరిచి పొయ్యిలో పెట్టేవాణ్ణి.

అరకు దగ్గర కొండ మీద ఊళ్లో ఆశ్రమ పాఠశాల మాస్టర్ని నేను. దేముడమ్మ ఆ ఊరి మనిషి. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. వెదురు కర్ర పట్టుకుని నడుస్తుంది. తల్లులు కాఫీ తోటలకు పోతూ పిల్లల్ని ఆమె గుమ్మంలో దింపేవాళ్లు. ఎవరో గుప్పెడు చోళ్లు, అదే రాగులు, ఇచ్చేవారు, ఎవరో పనసపండు ఇచ్చేవారు. ప్రతి పిల్ల మొలతాడుకూ మేకల మెడలో కట్టే చిన్న గంట కట్టేది దేముడమ్మ. ఏ గంట ఎవరిదో చప్పుడును బట్టే చెప్పేది. ఏ గంటైనా ఏటి వాలు వైపు కదిలిందా, కూర్చున్న చోటి నుంచే ఒక్క కేక! "ఓసి గుంటా, ఎక్కడికే?" ఆ పిల్ల ఠక్కున వెనక్కొచ్చేది.

ఇదంతా కళ్లారా చూసి కూడా 1996లో నేనొక కథ రాశాను. అందులో దేముడమ్మ చూస్తుండగానే బిడ్డ ఏట్లో పడుతుంది. ఆమె పరిగెత్తలేకపోతుంది. బిడ్డ దక్కలేదని తనూ ఏట్లో దూకేస్తుంది. పత్రికవాళ్లు బహుమతి ఇచ్చారు, విశాఖలో శాలువా కప్పారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అబ్బో, నా గొప్ప అప్పుడు చూడాలి! ఊరి పేరు మార్చలేదు, మనిషి పేరూ మార్చలేదు. ఈ కొండల్లో ఎవడు చదువుతాడులే అనుకున్నాను. అక్కడ చదువు చెప్పేది నేనే కదా, బుద్ధి ఉండొద్దూ?

2003లో ఊరికి అంగన్‌వాడీ వచ్చింది. ఆయా ఉద్యోగానికి దేముడమ్మ అర్జీ పెట్టింది. అది దొరికితే అన్న ఇంటి పంచ వదిలి సొంతంగా గుడిసె వేసుకోవచ్చు, వదిన సాధింపులు వినక్కర్లేదు. ఆరు నెలలుగా ఆమెకు అదే ధ్యాస. పోటీకి సోములు భార్య నిలబడింది. సోములు నా దగ్గరే చదువుకున్నాడు.

బడి ముందు గ్రామసభ పెట్టారు. ఆయాను ఎంచడానికి పై ఆఫీసు నుంచి వచ్చిన మేడం దేముడమ్మ పేరు రాయబోతుంటే సోములు లేచాడు. చేతిలో నా కథ పడ్డ పత్రిక. బడి బీరువాలో నేను మురిసిపోతూ దాచిందే.

"మేడం, ఇది మా మేష్టారే రాసేరు. ఇనండి," అని చదివాడు. "ఆ చచ్చుకాలు కదలలేదు. బిడ్డ నీళ్లలో కలిసిపోయింది." నేను నేర్పిన చదువే. ఒక్క అక్షరం తడబడలేదు.

పైడితల్లి తన బిడ్డను దగ్గరకు లాక్కుంది. రోజూ దేముడమ్మ గుమ్మంలో ఆడుకునే బిడ్డే.

మేడం కలం ఆపింది. "నిజమేనా మాస్టారూ?"

"కథండీ... కల్పన."

"పేరు నిజం, ఊరు నిజం, కాలు నిజం. చావొక్కటే కల్పనా?"



"అయితే ఓ గుంటనెత్తుకుని ఏటిదాకా ఎల్లి రమ్మనండి, సూద్దాం," అన్నాడు సోములు.

హమ్మయ్య, దారి దొరికిందనుకున్నాను. "నడిచి చూపించు దేముడమ్మా, నువ్వు నడవగలవు," అన్నాను.

ఆమె కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. "సిగ్గులేదేటి మేష్టారూ? అప్పుడు ఏట్లోకి దూకీమన్నావు, ఇప్పుడు ఏటిదాకా ఎల్లమంటన్నావు. నీకు నాను సావనైనా సావాల, గెంతనైనా గెంతాలేటి? ఇన్నేల్లూ కూకునే పిల్లల్ని సూసినాను. ఒక్క గుంటైనా పడ్డాదా?"

ఆమె నన్నే చూస్తోంది.

"నీ కతలో గంటలేయి?"

అందరూ నా వైపు తిరిగారు. మరిచిపోయానంటే నా పరువు దక్కుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది.

"తీసేశాను."

"ఎందుకేటి?"

"గంట ఉంటే నీకు వినిపిస్తుంది. కేకేస్తావు. బిడ్డ పడదు. బిడ్డ పడకపోతే నాకు కథ లేదు."

జన్మలో అంత సిగ్గు పడలేదు నేను. పైడితల్లి బిడ్డ మీంచి చెయ్యి తీసి పైకెత్తింది. "మా గుంట దేముడమ్మ కాడే ఉంటాది," అంది. మిగతా తల్లులూ ఒక్కొక్కరే చేతులెత్తారు. మేడం దేముడమ్మ పేరు రాసింది.

దేముడమ్మ నన్ను క్షమించిందా అని మాత్రం అడక్కండి. ఇప్పటికీ నేను అంగన్‌వాడీ ముందు నుంచి పోయినప్పుడల్లా లోపల్నుంచి కేక వినిపిస్తుంది: "గుంటల్లారా, ఏటికాడికి ఎల్లకండర్రా! మేష్టారొస్తన్నారు!"

తల్లులు విరగబడి నవ్వుతారు. నేను తల దించుకుని గబగబా నడుస్తాను.