కరెంటును వరసలో నిలబెట్టిన అమ్మమ్మ

కరెంటును కనిపెట్టింది ఎవరైనా కానివ్వండి, దాన్ని భయపెట్టి వరసలో నిలబెట్టింది మాత్రం మా అమ్మమ్మే. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకు సైన్సు రాదు. అయినా ఈ మాట మీద ఎవరితోనైనా పందెం కాస్తాను.

అమ్మమ్మ ముప్పై ఏళ్లు రైల్వే గేటు కాసింది. ఒకే పట్టా మీదికి రెండు రైళ్లొస్తే ఎలాగన్న దిగులు, ఈ నాలుగు నెలలుగా ఇంటి తీగల మీదికి మళ్లింది. మిక్సీ తిరిగితే మోటారు ఆగాలి. మోటారు నడిస్తే ఇస్త్రీపెట్టె చల్లారాలి.

"అమ్మమ్మా, హీటరు పెట్టుకోనా?"

"ఆగు. మీ అత్త మిక్సీ ఇంకా స్టేషను దాటలేదు."

మా ఇల్లూ అలాంటిదే. మూడు బల్బులకూ ఒక ఫ్యానుకూ అని వేసిన తీగ. తరవాత మేడ మీద వాటా లేచింది, దానికీ అదే తీగ. మేడమెట్లు వంటింటి కిటికీని మింగేశాయి, పట్టపగలే దీపం. అమ్మమ్మ గంటకోసారి స్విచ్చుబోర్డు మీద అరచెయ్యి పెట్టి జ్వరం చూసేది. వాసన చూసేది. ఆ తరవాత కప్పు వంక చూస్తూ చెవి రిక్కించేది.

"అత్తయ్యకి ముదిరింది," అనేది మా అత్త.

మొన్న మధ్యాహ్నం అమ్మమ్మ స్నానానికి వెళ్లింది. అదే అదనని నేను మోటారు వేసి, ఇస్త్రీపెట్టె పెట్టాను. అత్త మిక్సీ వేసింది. టప్పుమంది. ఇల్లంతా నిశ్శబ్దం.

రోజూ మోకాళ్ల నొప్పులని మూలిగే మనిషి, తడిజుట్టుతో మేడమెట్లు ఎక్కేస్తోంది.

"అన్నీ ఆపి ఫ్యూజు కట్టరా వెధవా! తొందరగా!"

ఫ్యూజు కట్టి పైకి పరుగెత్తాను. పై వాటాలో అద్దెకుంటూ, ఈ మధ్య కిందికి దిగడం మానేసిన టైలరు మాస్టారు మంచం మీద ముందుకు వంగి ఎగశ్వాస తీస్తున్నాడు. ముక్కుకి గొట్టం. పక్కన ఆక్సిజన్ మిషను అప్పుడే మళ్లీ గుర్రుమంది.

"వచ్చేసింది తమ్ముడూ, వచ్చేసింది. నెమ్మదిగా పీల్చు," అంటూ అమ్మమ్మ ఆయన వీపు నిమురుతోంది.

ఆయన పెదాలకి రంగు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. తేరుకున్నాక ఆయన నన్ను చూసి నవ్వాడు.

"మీ ఇంటి ఫ్యూజు భలే గట్టిది బాబూ. నాలుగు నెలల్లో పోవడం ఇదే మొదటిసారి."

నేను తల దించుకున్నాను. అమ్మమ్మ మాత్రం ఫ్యూజు తరఫున మొహమాటంగా తలూపింది.

మెట్లు దిగుతూ అడిగాను: "నాకొక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"జబ్బు సంగతి పదిమందికీ తెలిస్తే ఆయనకి నామోషీ. నీ నోట్లో నువ్వుగింజ నానదు. దిగు."