రెక్క అడుగున పేరు

ఓబయ్య కట్టిన విమానం నమూనాను నవనీత్ తనదేనని చెప్పుకుని పోటీలో కప్పు తీసుకున్నాడు. సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం ఉన్నవాడి మాటే చెల్లే రోజులవి. తొంభై ఏళ్ల కిందట బ్రిటిష్ ఓడ మీంచి ఎగిరిన, ఒకదాని మీద ఒకటిగా ఉన్న రెక్కలను తీగలతో బిగించిన విమానానికి నమూనా అది. ఓబయ్య సింగపూర్‌లోనే ఓడల యార్డులో ఇనప తాళ్లు బిగించే కూలీ. బిగువైన తీగ ఎక్కడ కనబడ్డా గోటితో మీటి, చెవి ఒగ్గి వింటాడు. మరుసటి ఏడు నవనీత్ సొంతంగా కట్టిన అలాంటి విమానం రెండుసార్లు రెక్కలు ముడుచుకుని కూలింది. క్రాంజీలో ఓబయ్య ఉండే కూలీల బసకు వచ్చి, "అంకుల్, ఒక్కసారి చూడండి ప్లీజ్," అన్నాడు.

"గాలి రెక్కని పైకి లాగుతాది బాబూ. కింద నుంచి పట్టే తీగలే ఒదులుగా ఒగ్గేసినావు," అని ఓబయ్య నవ్వాడు. తన పేరు తాను చెప్పినచోట రాసేలా నవనీత్‌ను ఒప్పించాకే ఒక్కో తీగా మీటి బిగించాడు. పోటీలో ఆ విమానం ఓడ పైభాగంలా కట్టిన చెక్క డెక్కు మీంచి లేచి, జనం తలల మీదుగా మూడు చుట్లు తిరిగింది.

ఆఖరిసారి కలిసినప్పుడు నవనీత్, "ఆఫీసు షోకేసులో పెడుతున్నాం అంకుల్. రెక్క అడుగునున్న మీ పేరు కనబడదు, పైన రాయిద్దామా?" అన్నాడు.

"ఒద్దు బాబూ. కూకున్నప్పుడు అది ఎవులిదైతేనేటి? ఎగిరిన్నాడు తలెత్తినోళ్లందరూ సదివేరు కదా."